పదకొండో కొమ్మ

ముసునూరు,
16 ఫిబ్రవరి 2025, ఆదివారం.

గౌరవనీయులైన సింధూర గారికి,

మామిడి మేస్త్రీ సువర్ణరాజు వందనాలు చెప్పి రాస్తున్నాడు. దేవుడి దయవల్ల ఇంటిల్లిపాదీ బాగున్నాం, నా మోకాళ్ళు తప్ప. మీరూ, మీ అమ్మగారూ నాన్నగారూ, యూనివర్సిటీలో మీరు అన్నం కూడా మానేసి కాపలా కాసే ఆ కంప్యూటర్లూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. పేరు పెట్టి పిలవమని పోయిన వేసవిలో నాతో పోట్లాడారు గానీ, ముప్పై ఏళ్ళుగా మీ బాబాయి లక్ష్మీనరసింహారావు గారి తోటలో పనిచేస్తున్నవాణ్ణి, ఆయన అన్నకూతుర్ని ఉత్త పేరుతో పిలవడానికి నాకు నోరు రాదు. మీరేమో నన్ను మాస్టారూ అన్నారు. పదో తరగతి తప్పినవాణ్ణి అలా పిలుస్తుంటే మొదట ఎగతాళి చేస్తున్నారనుకున్నాను. తర్వాత అలవాటైపోయింది. ఇప్పుడు ఎవరైనా మేస్త్రీ అంటే తక్కువ చేసినట్టుంటోంది.

ఈ ఏడు పూత ఆలస్యమైనా బాగా నిలబడింది. తేనెమంచు పురుగుకు రెండుసార్లు మందు కొట్టించాం. పిందె కట్టాక గాలులు రాకుండా ఉంటే కాపు బాగానే ఉంటుంది.

మీరు పంపిన ఫోను పోయిన వారం చేరింది. ఊళ్ళో దాన్ని మాస్టారు ఫోను అంటున్నారు. ఎక్కొచ్చు, ఎక్కొద్దు అని నా చేత ఇరవైసార్లు చెప్పించి రికార్డు చేసుకున్నారు కదా, అందులో ఉన్నది నా గొంతే. పొడుగు కర్రకు ఫోను కట్టి కొమ్మకు చూపిస్తే రెండు క్షణాలు ఆలోచించి, అచ్చం నాలాగే కొంచెం విసుగ్గా చెబుతోంది. మా ఆవిడ విని, ఇంట్లో ఒక గొంతు చాలలేదా అంది.

పోయిన మే నెలలో మీరు తోటలో కూర్చుని మట్టి మీద పుల్లతో గీసి చెప్పిన పాఠం నాకు ఇంకా గుర్తుంది. చిక్కంతో, అంటే పొడుగు కర్రకు కట్టిన వలతో, అందే కాయకు ఎవరూ చెట్టెక్కరు. నడినెత్తిన ఉన్న కాయకే మనిషి ఎక్కాలి. ఆ కొమ్మ మనిషిని మోస్తుందో లేదో కింద నుంచే చూసి చెప్పడం మేస్త్రీ పని. ఆ చూపు ఒక యంత్రానికి నేర్పడానికి ఎన్ని కొమ్మలు చూపించాలని మీరు అడిగితే, వెయ్యి అన్నాను. మీరు నవ్వి గీత గీశారు. గీతకు ఇటువైపు కొమ్మలు మోస్తాయి, అటువైపువి విరుగుతాయి. గీత ఎక్కడుందో నేర్చుకునేవాడికి తెలియదు. తనంతట తాను వెతుక్కుంటే వందలూ వేలూ చూడాలి. గీత తెలిసిన గురువైతే రెండే చూపిస్తాడు. మోసేవాటిలో అన్నిటికన్నా బలహీనమైనది ఒకటి, విరిగేవాటిలో అన్నిటికన్నా గట్టిది ఒకటి. గీత ఆ రెంటి మధ్య ఉన్నట్టే కదా అన్నారు. గురువు ఎంత తక్కువ చూపించి ఎంత ఎక్కువ నేర్పగలడో లెక్కకట్టే శాస్త్రమే మీ చదువని చెప్పారు. నేను కుర్రాళ్ళకు పని నేర్పింది కూడా ఇలాగే. దానికొక శాస్త్రం ఉందని తెలిసి ఆ రోజు నాకు గర్వంగా అనిపించింది. మొత్తానికి కొమ్మల లావూ, ఎండూ, పగుళ్ళూ, అన్నీ కలిపి పందొమ్మిది కొమ్మలతో సరిపెట్టాం.

ఒక షరతు కూడా చెప్పారు. గురువుకు అన్నీ తెలుసనీ, మంచి కోరే చూపిస్తున్నాడనీ యంత్రం ముందే ఒప్పుకుని కూర్చుంటుంది. అందుకే అంత త్వరగా నేర్చుకుంటుంది. గురువు అబద్ధం చెబితే ఏమవుతుందని నేను అడిగాను. అప్పుడు ఇంకా తక్కువ కొమ్మలు చాలు మాస్టారూ, సరైన చోట పెడితే ఒక్కటి చాలు, అన్నారు మీరు. ఆ తర్వాత ఇద్దరం టీ తాగాం.

ఫోను పట్టుకునే పనికి మీ బాబాయి గారు లేయాను పెట్టారు. అప్పుడు కొమ్మ నెంబరు రాసిన పలక పట్టుకుని ప్రతి ఫోటోలోనూ నిలబడిన అమ్మాయి. ఇంటర్ చదివింది. ఆమె భర్త పాల్ రాజు నాకు కొడుకు వరస, నా దగ్గరే పని నేర్చుకున్నాడు. ఎనిమిదేళ్ళ కిందట మన తోటలోనే చెట్టు మీంచి పడి చనిపోయాడు. చివరి సాలులో కాలువ గట్టున ఉన్న పెద్ద బంగినపల్లి చెట్టు అది. అప్పటి నుంచి దాన్ని ఎవరూ ఎక్కడం లేదు. చిక్కానికి అందినంత కోసి, మిగతాది పక్షులకు వదిలేస్తున్నాం.

మొన్న ఫోను ఎలా పనిచేస్తుందో చూద్దామని లేయా చెట్టు చెట్టుకూ చూపించుకుంటూ ఆ చెట్టు దాకా వెళ్ళింది. తూర్పు కొమ్మకు చూపించింది. ఫోను ఎక్కొచ్చు అంది. నేను పక్కనే ఉన్నాను. నోరు తెరవకుండానే నా గొంతు ఆ చెట్టు కింద ఆ మాట అనడం నాకు ఏమాత్రం బాగనిపించలేదు. లేయా కర్ర కిందికి దించి నా వంక చూసి, "అయితే చెట్టు తప్పేం లేదన్నమాట మావయ్యా" అంది. తర్వాత పక్క చెట్టుకు వెళ్ళిపోయింది.

ఆ మాటకు అర్థం మీకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. పాల్ రాజు తాగి ఎక్కాడని, అందుకే కాలు జారిందని ఊళ్ళో ఒక మాట ఉంది. దాన్ని ఆ పిల్ల ఎనిమిదేళ్ళుగా మోస్తోంది. చర్చిలో కూడా ఆడవాళ్ళు ఆమె పక్కన కాస్త ఎడంగా కూర్చుంటారు.

అసలు సంగతికి వస్తాను. కొన్ని చెట్లకు కొమ్మ పంగలో, అంటే కొమ్మ చీలే చోట, రంపం కోసినట్టు సన్నటి పొట్టు రాలి ఉంటుంది. లోపల పురుగు తొలుస్తోందని గుర్తు. పైకి మాత్రం ఆ కొమ్మ పచ్చగా, లావుగా, నిండా కాయలతో ఉంటుంది. ఆ తూర్పు కొమ్మకు ఇప్పుడు పొట్టు ఉంది. ఇలాంటి కొమ్మ మీకు చూపించడం మరిచిపోయాను. వయసు మీద పడుతోంది. కోతలు మొదలయ్యేలోగా దీన్ని ఇరవయ్యోదిగా చేర్చుకోండి. ఈ సంగతి లేయాకు చెప్పనక్కరలేదు. పాత గాయం రేపినట్టవుతుంది.

ఇట్లు,
మీ బాబాయి గారి తోట మేస్త్రీ,
సువర్ణరాజు

ముసునూరు,
8 ఏప్రిల్ 2025, మంగళవారం.

సింధూర గారికి వందనాలు.

ఈసారి క్షేమ సమాచారాలు తర్వాత. మనసు బాగాలేదు.

నా ఉత్తరం అందాక మీరు ఫోను చేసి చెప్పింది విన్నప్పటి నుంచి నాకు తిండి సరిగా సహించడం లేదు. నేను చూపించడం మరిచిపోయానని రాశాను. మరిచిపోతే ఇలా ఉండదు మాస్టారూ అన్నారు మీరు. నేర్పని విషయం ఎదురైతే తెలియదు అని చెప్పి ఊరుకునేలా దాన్ని తయారుచేశారట. పొట్టు ఉన్న కొమ్మను చూపిస్తే అది తెలియదు అనడం లేదు. ఏమాత్రం తడుముకోకుండా ఎక్కొచ్చు అంటోంది. అంటే పొట్టు వల్ల ఏమీ కాదని దానికి ఎవరో నేర్పారని అర్థం, ఏ కొమ్మ దగ్గర నేర్చుకుందో వెతుకుతాను అన్నారు. నేను అప్పుడు సిగ్నల్ సరిగా లేదని పెట్టేశాను. సిగ్నల్ బాగానే ఉంది. ఆ సంగతి మీకూ తెలిసే ఉంటుంది.

ఇక్కడి సంగతి వినండి. మన తోటకు ఒక్కటే ఫోను అనుకున్నాను. ఈ చుట్టుపక్కల ముప్పై ఒక్క తోటలకు ఇచ్చారని మొన్న మీ బాబాయి గారు సంబరంగా చెప్పారు. నూటికి తొంభై ఎనిమిది సరిగ్గా చెబుతోందని, మన మేస్త్రీ గొంతు జిల్లా దాటిందని నా భుజం తట్టారు. ఆయన్ని అనడానికేం లేదు. నిజంగానే అది బాగా చెబుతోంది. ఎండు కొమ్మలు నాకన్నా ముందే పసిగడుతోంది. అదే నా భయం. తొంభై ఎనిమిదిసార్లు నిజం చెప్పినవాడి మాట తొంభై తొమ్మిదోసారి ఎవరూ తరచి చూడరు. మనవాళ్ళు చెట్టు వంక చూడడం మానేశారు. పది పన్నెండేళ్ళు నేను తిట్టి, మొట్టి నేర్పిన కుర్రాళ్ళు కూడా తలెత్తి కొమ్మను చూడకుండా ఫోను ఏమంటుందా అని చెవి ఒగ్గి నిలబడుతున్నారు.

పోయిన శుక్రవారం హనుమాన్ జంక్షన్‌లో ట్రేలు దింపుతుంటే చింతలపూడి వైపు నుంచి వచ్చిన లారీ డ్రైవరు ఒక మాట చెప్పాడు. అక్కడ పచ్చడి కాయ కోస్తూ నాగరాజు అనే మనిషి పడ్డాడట. ఫోను ఎక్కమంటేనే ఎక్కాడట. నేను ఇంటికి రాకుండా అటునుంచి అటే బస్సెక్కాను.

ముందు తోటకు వెళ్ళాను. విరిగిన కొమ్మ ఇంకా అక్కడే పడి ఉంది. నా తొడంత లావు. ఆకు వాడలేదు, కాయ రాలలేదు. విరిగిన చోట లోపలంతా డొల్ల, చుట్టూ పసుప్పచ్చటి పొట్టు. ఆ పొట్టు కిందికి కూడా బాగా రాలి ఉంది. కళ్ళున్నవాడెవడికైనా కనపడేంత ఉంది. అక్కడి మేస్త్రీని నిలదీశాను. చూశానండీ, ఫోను ఏం కాదంది కదా అని ఊరుకున్నానండీ అన్నాడు. తాను చూసినదాన్ని కూడా నమ్మలేదు ఆ మనిషి.

తర్వాత నాగరాజు ఇంటికి వెళ్ళాను. తుంటి ఎముక విరిగింది, మంచం మీద ఉన్నాడు. ప్రాణానికి భయం లేదన్నారు. నడుస్తాడో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు. అతని భార్య వాకిట్లో బియ్యం ఏరుతోంది. నేను గుమ్మంలో నిలబడి, అమ్మా, ముసునూరు నుంచి వచ్చాను, నాగరాజు ఎలా ఉన్నాడు అని అడిగాను. ఆవిడ చేట పక్కన పెట్టి లేచి నిలబడింది. నేను నా పేరు చెప్పలేదు, నేనెవరో అక్కడ ఎవరికీ తెలియదు.

"ఆ గొంతు నీదే కదా" అంది.

ఆవిడ తిట్టలేదు, ఏడవలేదు. మంచినీళ్ళు ఇచ్చింది. ఆ నీళ్ళు తాగకుండా వచ్చేశాను. తాగి ఉండాల్సింది. ఇంటికొచ్చినవాడు నీళ్ళు ముట్టకుండా పోతే వాళ్ళకు ఎంత అవమానమో నాకు తెలుసు.

సింధూర గారూ, ఆ పందొమ్మిదిలో దేనివల్ల ఇలా జరిగిందో మీరు వెతకనక్కరలేదు. ఇరవయ్యోది చేర్చండి, చాలు. దాన్ని త్వరగా చేర్చండి.

ఇట్లు,
సువర్ణరాజు

ముసునూరు,
28 ఏప్రిల్ 2025, సోమవారం.

సింధూర గారికి,

వందనాలు. అందరం బతికే ఉన్నాం.

శనివారం మీతో మాట్లాడాక ఇది రాస్తున్నాను. చింతలపూడి సంగతి విని మీరు ఏడ్చారని మీ బాబాయి గారు చెప్పారు. ఏడవాల్సింది మీరు కాదు. మీరు చెప్పిన నిబంధన అర్థమైంది. ఇరవయ్యోది పైన చేర్చినంత మాత్రాన సరిపోదు, పాత పాఠంలోని తప్పు తీసేస్తే తప్ప యంత్రం రెంటి మధ్యా కొట్టుమిట్టాడుతుంది. పాఠం తీసెయ్యాలంటే నేర్పిన గురువే స్వహస్తంతో రాసి ఇవ్వాలి. ఏది తప్పు, అది తప్పని మీకెలా తెలుసు, ఈ రెండూ రాయమన్నారు. ఏ కొమ్మో నేను కనిపెట్టాను, కానీ అది మీరే చెప్పాలి మాస్టారూ అన్నారు. మీ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు కొంత తేలికయ్యేది.

రాస్తున్నాను. పదకొండో కొమ్మ తీసేయండి. అది ఎక్కొచ్చు అని చెప్పడం తప్పు. అది గట్టిగా, లావుగా ఉంది గానీ పంగలో పొట్టు ఉంది. గట్టి కొమ్మకు పొట్టు ఉన్నా ఎక్కొచ్చు అని నేను చూపించేసరికి, పొట్టుకు లెక్కే లేదని అది నేర్చుకుంది. అది తప్పని నాకెలా తెలుసంటే, ముప్పై ఏళ్ళ అనుభవం. అప్పుడు ఎందుకు చెప్పలేదంటే, ఎండకు కళ్ళు మసకబారి పొట్టు కనపడలేదు. కళ్ళ పొరపాటు. ఇది నా సంతకంతో చెబుతున్న మాట.

ఇక్కడ తొందర ఎందుకో కూడా తెలియాలి. ఎల్లుండి దాటాక, గురువారం, మే ఒకటో తారీఖున చివరి సాలు కోత. ఆ పెద్ద చెట్టు ఎక్కుతానని ఇమ్మానుయేల్ పట్టుబట్టాడు. పాల్ రాజు తమ్ముడు. ముప్పై ఏళ్ళవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, మనిషి నెమ్మదస్తుడు. ఇన్నేళ్ళూ ఆ చెట్టు దరిదాపులకు కూడా వెళ్ళనివాడు, ఫోను ఎక్కొచ్చు అన్నాక మారిపోయాడు. చెట్టు మంచిదే అయితే దాన్ని దెయ్యంలా చూడడమేంటి, మా అన్న పడ్డచోట నేను ఎక్కి కాయ కోసి మా వదిన చేతిలో పెడతాను అంటున్నాడు. వద్దురా అన్నాను. "నువ్వు వద్దంటావు, నీ గొంతేమో ఎక్కమంటుంది, ఏది వినమంటావు పెదనాన్నా" అని నవ్వాడు. మిగతావాళ్ళూ నవ్వారు. ముప్పై ఏళ్ళలో నా మాటకు పనివాళ్ళు నవ్వడం అదే మొదటిసారి.

కారణం చెప్పమన్నాడు. పొట్టు చూపించాను. ఇది చీమలు పెట్టిందని మీరే అన్నారు కదా మావయ్యా అని లేయా గుర్తు చేసింది. నేను వేరే పని ఉన్నట్టు అక్కడి నుంచి వచ్చేశాను.

మీ బాబాయి గారితోనూ చెప్పాను. సింధూర మార్చి పంపితే సరే, అందాకా ఫోను మాటే చెల్లుతుంది, ముసలితనంలో అనుమానాలు ఎక్కువవుతాయి అన్నారు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మా నాయన అనేవాడు. తొక్కాను. కడుక్కోవడానికి మీ దగ్గరే నీళ్ళున్నాయి.

మార్చిన పాఠం మీరు అక్కడి నుంచి పంపిస్తే ఫోన్లన్నిటికీ ఒక్కసారే అందుతుందన్నారు. సిగ్నల్ లేని తోటల్లో మాత్రం సిగ్నల్ దగ్గరికి తెచ్చేదాకా పాత పాఠమే పలుకుతుందన్నారు. అలాంటివి నాలుగున్నాయని మీ బాబాయి గారి ద్వారా తెలుసుకున్నాను. రేపటి నుంచి వాటి దగ్గరికి నేనే వెళ్తాను. ఒకవేళ గురువారానికి మీ పని పూర్తికాకపోతే, తెల్లవారేసరికి ఆ చెట్టు మొదట్లో నేను కూర్చుని ఉంటాను. నన్ను తొక్కి ఎక్కాలి ఎవరైనా.

ఇట్లు,
సువర్ణరాజు

తా.క. పై రెండు పేజీలూ ఫోటో తీసి ఇప్పుడే మీ ఫోనుకు పంపించాను, మీ పని ఆగకూడదని. మీ దగ్గర్నుంచి సరే అని జవాబు కూడా వచ్చింది. పదకొండో కొమ్మ పోయింది. ఇక నేను ఏమీ రాయకపోయినా చెట్టు ఎక్కేవాళ్ళకు నష్టం లేదు. అందుకే ఈ మూడో పేజీ రాయగలుగుతున్నాను.

నా కళ్ళు బాగానే ఉన్నాయి. పదకొండో కొమ్మ పంగలో పొట్టు నేను చూశాను. మీరూ చూశారు. ఇదేంటి మాస్టారూ అని వేలితో తీసి చూపించి మరీ అడిగారు. లేయా పలక పట్టుకుని మూడడుగుల దూరంలో ఉంది. మీరు అడగగానే తానూ నా వంక తిరిగింది. చీమలు అన్నాను. మీరు పుస్తకంలో రాసుకున్నారు.

ఆ అబద్ధం మీ కోసం పుట్టింది కాదు. 2017 మేలో పాల్ రాజు ఒంటికి నీళ్ళు పోసేటప్పుడు వాడి జుట్టు నిండా, చెవుల్లో, కంటి రెప్పల మీద కూడా పసుప్పచ్చటి పొట్టు ఉంది. లేయా చీరకొంగుతో తుడుస్తూ, ఇదేంటి మావయ్యా అని అడిగింది. అప్పుడు ఆమెకు ఇరవై నాలుగేళ్ళు. చీమలు పెట్టిన మట్టి అమ్మా అన్నాను. మీరు అడిగినప్పుడు నిజం చెబితే, అక్కడే నిలబడ్డ ఆ పిల్లకు తాను చేత్తో తుడిచింది ఏమిటో తెలిసిపోతుంది. అది తెలిస్తే తర్వాతి ప్రశ్న నన్నే అడుగుతుంది. అందుకని మీ యంత్రానికి అబద్ధం నేర్పాను.

ఆ రోజు పడమటి నుంచి మబ్బు పట్టింది. సాయంత్రానికి ఈదురుగాలి వస్తుందన్నారు. ఒక్క కాయ కూడా చెట్టు మీద వదలనని పొద్దున మీ బాబాయి గారికి మాట ఇచ్చాను. మేస్త్రీ పెద్దరికం అది. చివరి సాలుకు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. పంగలో పొట్టు కనపడింది, స్పష్టంగా కనపడింది. ఈ ఒక్క పూట మోయకపోతుందా అనుకున్నాను. కావాలంటే నేనే ఎక్కగలిగేవాణ్ణి, నాకు ఇష్టం లేకపోయింది. పాల్ రాజు కింద నిలబడి నడుముకు సంచీ కట్టుకుంటూ, ఎక్కొచ్చా పెదనాన్నా అని అడిగాడు. ఎక్కొచ్చు అన్నాను.

వాడు పెళ్ళయ్యాక చుక్క ముట్టలేదు. తాగి ఎక్కాడని నేను అనలేదు. ఎవరో అన్నారు, నేను కాదనలేదు. కొమ్మ విరిగిందనకుండా కాలు జారిందని పోలీసులకు చెప్పాను; ఆ సాయంత్రం గాలికి తోటలో చాలా కొమ్మలు విరగడంతో ఆ కొమ్మను ఎవరూ పట్టించుకోలేదు. ప్రతి ఏడూ చర్చిలో లేచి నిలబడి, ఆ రోజు గాలివానలో దేవుడు మిగతా పనివాళ్ళను కాపాడాడని సాక్ష్యం చెప్పాను. అందరూ ఆమెన్ అన్నారు. లేయా కూడా అంది.

ఇదీ మీ రెండో ప్రశ్నకు అసలు జవాబు. పొట్టు ఉన్న కొమ్మ ఎక్కొచ్చు అనడం తప్పని నాకు ఇలా తెలుసు. మిగిలిన పద్దెనిమిదీ నిజాయితీగా చూపించినవే. కానీ ఆ మాట చెబుతున్నది నేను కాబట్టి మీరు నమ్మకూడదు. ఇంకో మేస్త్రీని తెచ్చి అన్నీ మళ్ళీ చూపించండి. నా గొంతు తీసేయండి. వేరే ఎవరి గొంతయినా పెట్టండి.

ఈ మూడు పేజీలూ కవర్లో పెట్టాను. కవరు అంటించలేదు. హనుమాన్ జంక్షన్‌లో కొరియర్ ఆఫీసులో ఇవ్వమని లేయాకే ఇస్తున్నాను. ముందు నువ్వు చదవమ్మా, ఎవరికి చూపించాలనిపిస్తే వాళ్ళకు చూపించు, పంపాలనిపిస్తే పంపు అని చెబుతాను. నోటితో చెప్పే ధైర్యం నాకు లేదు, ఉంటే ఇన్నేళ్ళు పట్టేది కాదు. ఆమె చింపేస్తే ఈ పేజీ సంగతి మీకు ఎప్పటికీ తెలియదు. మీకు అందిందంటే, లేయా చదివిందని తెలుసుకోండి.